వద్దంటే వినని బటన్

ముందే చెప్పేస్తే మనసు తేలికవుతుంది. నాకు పెంచి చెప్పే అలవాటుంది. నేను ఏనుగంత అన్నచోట మీరు దూడంత అని చదువుకోవాలి. మా ఆవిడ పెళ్లయిన కొత్తలో నా మాటల్ని సగానికి తగ్గించి వినేది. ఇప్పుడు పావుకి తగ్గించి వింటోంది. అయినా ఇంకా కొంత ఎక్కువే మిగిలిపోతోందని ఆవిడ బాధ.

కాబట్టి ఈ వ్యాసంలో రాళ్లు కొండలవుతాయి, ఏసీ హిమాలయమవుతుంది, సూట్‌కేసు బీరువా అవుతుంది. అవన్నీ అబద్ధాలు కావు, కొలతల్లో తేడాలు. మీరే తగ్గించుకోగలరు. పూర్తిగా కల్పించి రాసిన భాగం మాత్రం ఒక్కటే ఉంది. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను. ఈలోపే పట్టేస్తే మీరు టెస్టింగ్ విభాగంలో ఉండాల్సినవాళ్లు.

ఏమిటా పని

కిందటేడు రిటైరయ్యాక, ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఏదైనా రాసిపెట్టమని పాత ఆఫీసు వాళ్లు అడిగారు. నాకు ప్రమోషన్లు ఎప్పుడెప్పుడు వచ్చాయో మా ఆవిడకి గుర్తుంది కానీ నాకు లేదు. అందుకని వాటిని వదిలేసి, పని సంగతి చెబుతాను.

మీ కంప్యూటర్ తెర మీద ‘సేవ్’ అనో ‘వెనక్కి’ అనో ఒక మాట కనిపిస్తుంది. మేం పని మొదలుపెట్టిన రోజుల్లో ఆ మాటలు ప్రోగ్రాం లోపలే, లెక్కలతోనూ షరతులతోనూ కలిసిపోయి ఉండేవి, ఉప్మాలో ఆవాల్లాగా. వాటిని ఒక్కొక్కటే ఏరి పక్కన ఒక ఫైల్లో పెట్టాలి. ‘ఇక్కడ ఫలానా మాట కావాలి, వెళ్లి ఆ ఫైల్లోంచి తెచ్చుకో’ అని ప్రోగ్రాంకి చెప్పాలి. తెలుగు కావాలన్నవాళ్లకి తెలుగు ఫైలు, ఇంగ్లీషు కావాలన్నవాళ్లకి ఇంగ్లీషు ఫైలు. ప్రోగ్రాం మాత్రం ఒక్కటే. దీన్ని లోకలైజేషన్ అంటారు. ఎప్పుడైనా ఉప్మాలో ఆవాలు ఏరి చూడండి, నా ఉద్యోగ జీవితం మీకు అర్థమవుతుంది.

ఈల వినిపిస్తే సేవ్ చేసుకోవాలి

ఇప్పుడు రాయదుర్గం దాకా మెట్రో వస్తోంది. తొంభైల చివర్లో అక్కడ మెట్రో లేదు, రోడ్డు లేదు, రాయదుర్గం అన్న పేరుకు న్యాయం చేస్తూ రాళ్లు మాత్రం ఉండేవి. ఒక్కో బండ ఒక్కో జిల్లా అంత. వాటిని రోజూ మధ్యాహ్నం పేల్చేవాళ్లు. పేల్చే ముందు ఒకాయన ఎర్రజెండా పట్టుకుని ఈల వేసేవాడు. ఆ ఈల వినగానే మా ఆఫీసులో అందరం చేస్తున్న పని సేవ్ చేసుకునేవాళ్లం. ఒక్కోసారి కరెంటు పోయేది కూడా. ఒకనాటి పేలుడికి నా ప్రోగ్రాంలో పైవరుస ఒకటి కిందికి జారిపోయిందని నేను అప్పట్లో గట్టిగా వాదించాను.

మా కంపెనీ చిన్నది. కొత్తగా కట్టిన పెద్ద భవనంలో ఒక మూల అద్దెకుండేది. లోపల ఏసీ ఎంత చలిగా ఉండేదంటే, మే నెలలో స్వెటర్లతో పనిచేసి, సాయంత్రం బయటికి రాగానే కళ్లద్దాల మీద మంచు కరిగి కారేది. దీన్ని మీరు తగ్గించుకోవాలి.

మా డైరెక్టర్ రంగారావు గారిది ఏలూరు దగ్గర. మంచివాడే. క్లయింటుకి ‘కుదరదండి’ అని చెప్పడం మాత్రం ఆయన దృష్టిలో ఇంటికొచ్చిన వియ్యంకుడికి భోజనం లేదనడంతో సమానం. ఎవరేం అడిగినా ‘తప్పకుండా అండి, అదెంతపని’ అనేవాడు. ఫోను పెట్టేశాక మా వైపు తిరిగి, “ఇది అసలవుతుందంటావా?” అని అడిగేవాడు.

నా పక్క సీటు యాదగిరిది. శంకర్‌పల్లి మనిషి. ప్రోగ్రాములు రాయడంలో అతన్ని మించినవాడు ఆ భవనంలో లేడు. ఇది పెంచి చెప్పింది కాదు. మాట తక్కువ. చేతిలో ఉన్న పని అయిపోగానే అతన్ని రెండేళ్లపాటు సింగపూరు పంపిస్తానని రంగారావు గారు మాటిచ్చారు. యాదగిరి అప్పటికే సూట్‌కేసు కొనేశాడు. దాంట్లో చిన్న కుటుంబం కాపురం పెట్టొచ్చు.

“ఇంత పెద్దది ఎందుకు?” అని నేను అడిగితే, “అమ్మ పచ్చళ్లు ఇస్తా అంటున్నది” అనేవాడు.

చేతిలో ఉన్న ఆ పనేమిటంటే, నగరంలో ఒక కంటి ఆసుపత్రి తాలూకు అపాయింట్‌మెంట్లు. వాళ్ల హాల్లో ఒక కంప్యూటరు, దాని పక్కన చీటీలు ముద్రించే చిన్న ప్రింటరు పెడతారు. పేషెంటు వెంట వచ్చినవాళ్లు తామే డాక్టరునీ రోజునీ ఎంచుకోవచ్చు. కావాలంటే ‘సరే’, వద్దంటే ‘వద్దు’. సరే అంటే చీటీ వస్తుంది. ఇంగ్లీషు పేజీలు యాదగిరి, నేను కలిసి తయారుచేశాం. వాటిని తెలుగులో కూడా పెట్టాలన్నది ఆసుపత్రి కోరిక. రంగారావు గారు ఎప్పటిలాగే అదెంతపని అన్నారు.

ఆ తెలుగు కోసం వచ్చిన మనిషి సలోమి గారు.

బొమ్మల్లో ఇరుక్కున్న మాటలు

సలోమి గారిది లింగంపల్లి. బాచుపల్లిలో ఒక బడిలో తెలుగు, సాంఘిక శాస్త్రం చెప్పేవారు. కంప్యూటర్ కోర్సు చేసి, బడిలో ఉద్యోగం మానేసి మా దగ్గర చేరారు. చేరేటప్పుడే రంగారావు గారు విషయం తేల్చి చెప్పారు.

“చూడమ్మా, మిమ్మల్ని తీసుకునేది తెలుగు పేజీల కోసమే. అవి నిలబడితే ఉద్యోగం పర్మనెంటు. క్లయింటు తెలుగు వద్దంటే నా దగ్గర మీకు వేరే పని లేదు. తర్వాత నన్ను అనుకోకూడదు.”

“అనుకోను సార్. కానీ బడి వాళ్లు నా జాగాలో వేరే టీచర్ని పెట్టుకున్నరు. ఇగ నాకు వెనక్కి పోయే దారి లేదు. అందుకని నిలబడేటట్టే చేస్త” అన్నారావిడ.

ఆ రోజు నుంచి ఆ పేజీల మీద యాదగిరికీ నాకూ ఉన్నది పని, ఆవిడకున్నది ఉద్యోగం. ఈ తేడా మీరు గుర్తుపెట్టుకోవాలి. మేం గుర్తుపెట్టుకోవడానికి కొంచెం సమయం పట్టింది.

మొదటి చిక్కు బటన్ల దగ్గరే వచ్చింది. ఆ రోజుల్లో అందంగా ఉంటుందని బటన్లను బొమ్మలుగా గీయించేవాళ్లం. నీలం రంగు, గుండ్రటి అంచులు, మధ్యలో ఇంగ్లీషు మాట. మాట కూడా బొమ్మలో భాగమే. దాన్ని ఏరి ఫైల్లో పెట్టడం కుదరదు. గోడ మీద రాసిన పేరుని జేబులో పెట్టుకెళ్లమన్నట్టు. సలోమి గారు వచ్చిన కొత్తలోనే ఈ సంగతి అడిగారు.

“యాదగిరి గారూ, ఈ మాట మార్చాల్నంటే ఏం చెయ్యాలె?”

“బొమ్మ మళ్ల గీయించాలె మేడం.”

“రేపు మాట మళ్ల మారితే?”

“మళ్ల గీయించాలె.”

“మరి నేనెందుకొచ్చిన? పెయింటర్ని పెట్టుకోవాల్సింది.”

యాదగిరి నవ్వాడు. అతను నవ్వితే ఆఫీసంతా తలెత్తి చూసేది, అంత అరుదు. ఆ వారమే బొమ్మలన్నీ పీకేసి, మామూలు బటన్లు పెట్టి, వాటి వెనక ప్రోగ్రాం కొత్తగా రాశాడు. మాటలన్నీ ఫైల్లోకి వచ్చాయి. మేం లడ్డూలు పంచుకున్నాం. ఒక్కో లడ్డూ కొబ్బరికాయంత.

రెండో చిక్కు ఒత్తులు. ఇంగ్లీషు అక్షరాలు బుద్ధిగా ఒకే గీత మీద కూర్చుంటాయి. తెలుగు అక్షరానికి కింద ఒక సంసారం ఉంటుంది. మేం పెట్టిన గడులు ఇంగ్లీషు ఎత్తుకి సరిపోయినవి. వాటిలో తెలుగు పెడితే ఒత్తులన్నీ కింద తెగిపోయి, పేజీ మొత్తం మోకాళ్ల దాకా వరదలో నిలబడ్డట్టు కనిపించింది. రంగారావు గారు వచ్చి చూశారు.

“గడులు పెంచితే పేజీ పొడవైపోతుందయ్యా. ఒత్తులు లేని మాటలు వాడితే పోలా?”

సలోమి గారు ఆయన వైపు తిరిగారు. “సార్, కంటి ఆసుపత్రి. ‘కన్ను’ లేకుండ ఎట్ల రాయాలె?”

గడులు పెంచాం.

మూడోది మా తప్పు కాదు, ఆవిడ తప్పే. మొదట్లో ఆవిడ పాఠ్యపుస్తకం తెలుగు రాశారు. ‘సమర్పించుము’, ‘నిరాకరించుము’ అని. వాటిని ఆసుపత్రి హాల్లో నలుగురికి చూపించి వచ్చిన రోజు ముఖం చిన్నబోయింది. ఒక పెద్దాయన ‘సమర్పించుము’ చూసి, ఆసుపత్రికి ఏమివ్వాలో ఇంట్లో అడిగొస్తానని వెళ్లిపోయాడట. మర్నాటి నుంచి ఆవిడ రోజూ ఉదయం ఆ హాల్లో బెంచీ మీద కూర్చుని, జనం కౌంటరు దగ్గర ఏమంటున్నారో వినేవారు. అలా వచ్చినవే ‘సరే’, ‘వద్దు’. వాటికంటే మంచి మాటలు ఇన్నేళ్ల సర్వీసులో నాకు దొరకలేదు.

పరీక్షలో ఎవరూ వద్దనలేదు

ఇక మేం చేసిన ఘనకార్యం. ఇంగ్లీషు పేజీల్ని అన్నివిధాలా పరీక్షించాం. ప్రతి బటన్ నొక్కి చూశాం. తెలుగు పేజీల్ని మాత్రం కళ్లతో చూశాం. అక్షరాలు సరిగ్గా వచ్చాయా, ఒత్తులు తెగాయా, గడి దాటాయా, ఇంతే. నొక్కి చూసినప్పుడల్లా ‘సరే’ నొక్కాం, చీటీ వచ్చింది, సంతోషించాం. ప్రోగ్రాం ఒక్కటే కదా, మారింది మాటలే కదా అన్నది మా నమ్మకం.

ఇంకో కారణం కూడా ఉందని తర్వాత అర్థమైంది. మా ఆఫీసులో వద్దనే అలవాటు ఎవరికీ లేదు. రంగారావు గారు క్లయింటుకి వద్దనరు, మేం రంగారావు గారికి వద్దనం. డెమో చూపించేటప్పుడు ఎవరైనా ముందుకెళ్లే బటనే నొక్కుతారు కానీ, వెనక్కి తగ్గే బటన్ ఎందుకు నొక్కుతారు?

ట్రయల్ పెట్టిన రోజు ఆ బటన్ నొక్కింది ఒక పెద్దావిడ. భర్తకి కంట్లో శుక్లం. నేనూ సలోమి గారూ పక్కనే నిలబడి చూస్తున్నాం. పెద్దావిడకి కొంచెం చదువు వచ్చు. తెర మీద ప్రతి మాటా పైకి చదువుతూ, వేలితో చూపిస్తూ, డాక్టరుని ఎంచుకుంది. రోజు దగ్గరకొచ్చేసరికి ఆగింది.

“బుధారమా? బుధారం మా ఊర్ల అంగడి. బండ్లు దొరకయి. వద్దు” అని, ‘వద్దు’ నొక్కింది.

ప్రింటరు గుర్రుమని చీటీ ఇచ్చింది. బుధవారానికి.

పెద్దావిడ చీటీ చూసింది, తెర చూసింది, దాని మీద మళ్లీ అదే రోజు వచ్చి నిలబడితే మళ్లీ ‘వద్దు’ నొక్కింది. మళ్లీ చీటీ. ఆవిడకి పట్టుదల వచ్చింది. మిషనుకి ముందే ఉంది. కాసేపటికి ఆవిడ చేతిలో చీటీలు పెళ్లిదండంత పొడుగు వేలాడాయి.

“ఏంది బిడ్డా గిది? వద్దంటుంటే ఇంకోటి ఇస్తున్నది. మా ఆయనకున్నది రెండే కండ్లు” అంది నాతో.

నేను నవ్వాను. సలోమి గారు నవ్వలేదు. ఆవిడ పెద్దావిడ చేతిలోంచి చీటీలు తీసుకుని, కౌంటరు దగ్గర రాయించి, వేరే రోజు ఇప్పించి పంపారు. తర్వాత ఎవరితో ఏమీ మాట్లాడకుండా తెలుగు పేజీ తెరిచి ‘వద్దు’ నొక్కారు. చీటీ వచ్చింది. ఇంగ్లీషు పేజీ తెరిచి ‘క్యాన్సిల్’ నొక్కారు. చీటీ రాలేదు.

“ఇంగ్లీషుల వింటున్నది సార్. తెలుగులనే వింటలేదు” అన్నారు. నా నవ్వు అప్పుడు ఆగింది.

ఆ బుధవారం ఆసుపత్రిలో జరిగింది కూడా చెప్పాలి. ట్రయల్లో వద్దన్నవాళ్లెవరో, సరే అన్నవాళ్లెవరో మిషను లెక్కలో తేలక, వద్దన్నవాళ్లందరి పేర్లూ పిలిచారు. వాళ్లెవరూ రాలేదు. డాక్టర్లు ఖాళీగా కూర్చున్నారు. నిజంగా చూపించుకోవాల్సినవాళ్లు, కళ్లకి గుడ్డ కట్టుకుని, బయట బెంచీల మీద కూర్చున్నారు. ఇది నేను పెంచలేదు. పెంచాల్సిన అవసరం రాలేదు.

చాయ్

మర్నాడు ఆసుపత్రిలో మీటింగు. ఆసుపత్రి తరఫున డాక్టర్ కృష్ణవేణి గారు, మా తరఫున రంగారావు గారు, యాదగిరి, సలోమి గారు, నేను. బల్ల మీద ఆ కంప్యూటరు, ప్రింటరు.

డాక్టరు గారు కోప్పడలేదు. అందుకే భయం వేసింది.

“ఇంగ్లీషు బాగానే పనిచేస్తోంది కదండీ. తెలుగులోనే ఏదో తేడా వచ్చింది. పేషెంట్ల విషయం, నేను రిస్కు తీసుకోలేను” అన్నారావిడ.

రంగారావు గారు అందుకున్నారు. “నిజమేనండి. ప్రోగ్రాం పక్కాగా ఉంది. ఆ తెలుగు మాటల్లోనే ఏదో పొరపాటు. తెలుగు తీసేద్దామండి. ముందు ఇంగ్లీషుతో నడిపిద్దాం. తెలుగు సంగతి తర్వాత ఎప్పుడైనా, తీరిగ్గా.”

తర్వాత ఎప్పుడైనా అంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. సలోమి గారికి ఇంకా బాగా తెలుసు. ఆవిడ చేతిసంచీని ఒళ్లో పెట్టుకుని, దాని తాడు వేలికి చుట్టుకుంటూ అన్నారు.

“సార్, నేను రాసింది రెండక్షరాల మాట. అది వద్దనే చెప్తున్నది. దాన్ని మిషను ఎందుకు వింటలేదో నాకు తెల్వదు. కానీ మాట తప్పు కాదు.”

“తప్పు ఎవరిదని కాదమ్మా ఇప్పుడు.”

“మరి ఉద్యోగం ఎవరిది పోతది సార్?”

ఎవరూ మాట్లాడలేదు. చాయ్ ఇంకా రాలేదు. నాకు చాయ్ లేకపోతే చేతులు ఊరుకోవు. మౌనంగా ఉన్న గదిలో అసలే ఊరుకోవు. కీబోర్డు నా ముందుంది. యాదగిరిని ఆటపట్టిద్దామని, ఇంగ్లీషు మాటల ఫైలు తెరిచి, ‘క్యాన్సిల్’ తీసేసి ఇంగ్లీషు అక్షరాల్లో ‘చాయ్’ అని కొట్టాను. ఇంగ్లీషు పేజీలో ‘క్యాన్సిల్’ ఉండాల్సిన చోట ‘చాయ్’ బటన్ ప్రత్యక్షమైంది.

“యాదగిరీ, నొక్కితే వస్తుందేమో చూద్దాం” అని నొక్కాను.

చాయ్ రాలేదు. ప్రింటరు గుర్రుమని చీటీ ఇచ్చింది.

అందరి కళ్లూ ఆ చీటీ మీదున్నాయి. ఇంగ్లీషు పేజీ, ఇంగ్లీషు అక్షరాలు, తెలుగు ఎక్కడా లేదు. అయినా వద్దంటే వినలేదు. యాదగిరి ముఖం ముందు ఎర్రబడి, తర్వాత తెల్లబడింది.

“తెలుగుది తప్పు కాదు సార్. నాది” అన్నాడు. “బటన్ మీద రాసిన మాటనే నేను మిషనుకు హుకుం లెక్క పంపిన. ‘క్యాన్సిల్’ అని వస్తే ఆపమన్న. ఇంకేది వచ్చినా చీటీ ఇయ్యమన్న. ‘వద్దు’ అని పోతే దానికి గదేందో తెల్వదు. తెల్వకపోతే ఇచ్చేస్తది.”

విషయం అంతే. మనిషి చదవడానికి పెట్టిన మాటే యంత్రానికి ఆజ్ఞ కూడా అయింది. ఇంగ్లీషులో ఆ రెండూ ఒకటే కావడంతో ఎవరికీ కనిపించలేదు. మాటని మార్చగానే ఆజ్ఞ కూడా మారిపోయింది. బొమ్మలు పీకేసి కొత్త బటన్లు పెట్టిన ఆ వారంలో, లడ్డూలు తిన్న వారంలో, ఇది లోపల చేరింది.

డాక్టరు గారు యాదగిరిని అడిగారు. “బాగుచెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?”

“రేపటికల్ల అయితది మేడం. బటన్‌కు లోపల ఒక పేరు పెడత, బయట ఒక మాట పెడత. లోపలి పేరు ఎప్పటికీ మారదు. బయట మీరు ఏ భాషలన్న రాసుకోండి.”

“అయితే తెలుగు ఉంచండి” అన్నారు డాక్టరు గారు. ఆవిడ సలోమి గారి వైపు తిరిగి, “ఆ మాట కూడా మార్చకండి. ‘వద్దు’ బాగుంది” అన్నారు.

సలోమి గారు సంచీ తాడు వేలి నుంచి విప్పుకున్నారు. వేలు నీలంగా కమిలిపోయి ఉంది.

మీకు చెప్పదలచుకున్నది

సలోమి గారి ఉద్యోగం పర్మనెంటు అయింది. ఆ తర్వాత ఏ పేజీ వచ్చినా ఆవిడ మొదట నొక్కేది ‘వద్దు’. మాలో అందరికీ అదే అలవాటు చేశారు. నేను సింగపూరులో ఉన్న రెండేళ్లూ, అక్కడివాళ్లకు అర్థం కాకపోయినా, ప్రతి తెర మీదా ముందు క్యాన్సిల్ నొక్కేవాణ్ణి. ఇతనికి పని చేయడం ఇష్టం లేదనుకున్నారు.

మీరు వాడే పనిముట్లన్నీ మారిపోయాయి. బటన్ల వెనక ఆ తప్పు ఇప్పుడు ఎవరూ చేయరు, చేయనివ్వరు కూడా. కానీ ఆ తప్పు వెనకున్న ఆలోచన మాత్రం ఏ ఆఫీసులోనూ చావలేదు. ఒక భాషలో పనిచేసి, ఇంకో భాషలో చెడితే, అందరూ రెండో భాషనే అనుమానిస్తారు. దాన్ని రాసినవాళ్లనే నిలదీస్తారు. మొదటి భాషలో పనిచేయడం కేవలం అదృష్టం కావొచ్చునని ఎవరికీ తట్టదు. మీకు తట్టాలి. ఈ ఉద్యోగంలో జీతం తీసుకునేది అందుకే.

అనువాదం చేసేవాళ్లని ఆఖర్న పిలవకండి. గడులు గీసేటప్పుడే పిలవండి. మాటల కోసం నిఘంటువు తెరిచే ముందు, ఆ తెర ముందు నిలబడబోయేవాళ్ల పక్కన ఒక పూట కూర్చోండి. రంగారావు గారి లాంటి పైఅధికారి దొరికితే ఆయన్ని ప్రేమించండి, కానీ అదెంతపని అన్నప్పుడల్లా ఒక్కరైనా కుదరదని చెప్పండి. మేం చెప్పలేదు. మేం రాసిన ప్రోగ్రాం కూడా మాలాగే తయారైంది.

ఒప్పుకోలు

ఇక ఆ కల్పించిన భాగం.

రాళ్లు జిల్లా అంత లేవు. లడ్డూలు మామూలువే. చీటీలు పెళ్లిదండ అంత పొడుగు లేవు కానీ, చాలానే ఉన్నాయి. ఇవి మీరు ఎప్పుడో తగ్గించుకుని ఉంటారు.

చాయ్ సంగతి కల్పితం. నేను ఏ ఫైలూ తెరవలేదు. ఆ మీటింగులో నేను చేసిన పనల్లా గోడ మీద కంటి బొమ్మ చూస్తూ కూర్చోవడం.

జరిగింది ఇది. సలోమి గారు ఉద్యోగం ఎవరిది పోతది సార్ అని అడిగాక, ఎవరూ మాట్లాడలేదని రాశాను కదా, అది నిజం. ఆ మౌనంలో యాదగిరి లేచి, కుర్చీ జరుపుకుని, కీబోర్డు తన వైపు తిప్పుకున్నాడు. అతనికి అప్పుడు అనుమానం వచ్చిందో, ముందురోజు రాత్రే తెలిసిపోయిందో నేను ఎన్నడూ అడగలేదు. ఇంగ్లీషు ఫైలు తెరిచాడు. ‘క్యాన్సిల్’ పక్కన ఒక చుక్క పెట్టాడు. అంతే. వాక్యం చివర పెట్టే చుక్క.

“ఇప్పుడు చూడుండ్రి సార్” అని నొక్కాడు. చీటీ వచ్చింది. దాన్ని చింపి డాక్టరు గారి ముందు పెట్టాడు. తర్వాత అన్న మాటలన్నీ నేను రాసినట్టే అన్నాడు.

ఒక్క చుక్కకే దారితప్పిన ప్రోగ్రాంలో తెలుగు దోషం ఏముందని ఇక ఎవరూ అడగలేదు.

తిరుగు ప్రయాణంలో వ్యానులో రంగారావు గారు నాతో మెల్లగా అన్నారు. “క్లయింటు ఎదురుగా మన తప్పు తానే బయటపెట్టేవాణ్ణి దేశం దాటిస్తే, నేను ఇక్కడ నిద్రపోలేనయ్యా. పాస్‌పోర్టుందా నీకు?”

ఉంది. యాదగిరి బదులు సింగపూరు వెళ్లింది నేనే. సూట్‌కేసు కూడా అతనే ఇచ్చాడు. “నాకెందుకన్నా గింత పెద్దది, పట్టుకపో” అన్నాడు. అందులో వాళ్లమ్మ పెట్టిన పచ్చడి సీసా ఒకటి ఉంది. అది తియ్యలేదో, కావాలనే ఉంచాడో తెలియదు.

పెళ్లిళ్లలో, వీడ్కోలు సభల్లో ఈ చాయ్ కథ నేను చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా యాదగిరి అందరితోపాటు నవ్వేవాడు. ఎప్పుడూ సరిదిద్దలేదు. కిందటేడు నా రిటైర్మెంటు రోజున కూడా చెప్పాను. బాగా పేలింది. భోజనాల దగ్గర సలోమి గారు నా పక్కకి వచ్చి, పెరుగు వడ్డించుకుంటూ, మామూలుగా అన్నారు.

“ఈసారన్న చుక్క సంగతి చెప్తరనుకున్న సార్.”

చెప్పాను, సలోమి గారూ. ఎంత ప్రయత్నించినా దాన్ని పెంచడం నా వల్ల కాలేదు. చుక్కంతే ఉంది.